నేను చూడని జింకలు

ఎడారి గడ్డిలో మా అమ్మాయికి జింకల మందను చూపించింది నేనేనని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఆఫీసులో చెప్పాను, బంధువుల పెళ్లిళ్లలో చెప్పాను. అది నిజం కాదు. ఆ సమయానికి నేను అక్కడ లేనే లేను.

2006 శీతాకాలం. షార్జాలో అల్ నహ్దాలో ఉండేవాళ్లం. అమ్మాయికి తొమ్మిదేళ్లు. చదువు కోసం తల్లీకూతుళ్లు మరుసటి వారమే విజయవాడ వెళ్లిపోతున్నారు. వెళ్లేలోపు జింకను చూసి తీరాలని పిల్ల పట్టుబట్టింది. దుబాయ్‌కి దూరంగా ఎడారిలో కంచె వేసి కాపాడుతున్న ఇసుక మైదానం ఒకటుంది. ఆ ఏడు వానలు పడి దిబ్బల మధ్య మోకాలెత్తు గడ్డి లేచింది. అంతకుముందు రెండుసార్లు వెళ్లి గిట్టల గుర్తులు మాత్రం చూసొచ్చాం. ఇక మిగిలిన సెలవు రోజు ఆ ఒక్క శుక్రవారమే.

మా కంపెనీ డ్రైవరును బతిమాలి ముగ్గురం అతనితో వెళ్లాం. రాయచోటి మనిషి, నాకంటే పెద్దవాడు. పదకొండుకల్లా బయటికి రావాలని గేటు దగ్గర కాపలాదారు చెప్పాడు. నేనే ముందు నడిచాను. రెండుసార్లు దూరంగా ఏదో కదిలింది, పిల్ల తల తిప్పేలోగా మాయమైంది. పది దాటింది. పిల్ల ఏడుపు ముఖం పెట్టింది.

అప్పుడు డ్రైవరు నోరు విప్పాడు.

"సార్, గాలి మన ఎనకాల నుంచి కొడతాండాది. మీ సెంటు వాసనకి అవి నిలబడవు."

"జింకల సంగతి నీకేం తెలుసు భాయ్?"

"జింకలు కాదు సార్, పదేండ్లు గొర్రెల్ని మేపినా. ముక్కు ఏదానికైనా ముక్కే."

"అయితే స్నానం చేసి రమ్మంటావా?"

"మీరు ఈడే కూచోండి సార్. మేం సుట్టు తిరిగి ఎదురుగాలికి పోతాం."

మా ఆవిడ పగలబడి నవ్వింది. "కూర్చోండి! ఇంట్లో నేనే తట్టుకోలేకపోతున్నా, జింకలేం తట్టుకుంటాయి?"

ముగ్గురూ దిబ్బ అవతలికి వెళ్లారు. నేను ఒక చెట్టు కింద చొక్కా కాలరు వాసన చూసుకుంటూ కూర్చున్నాను. ముప్పావుగంట గడిచింది. ఉన్నట్టుండి దిబ్బ మీద పిల్ల ప్రత్యక్షమైంది. రెండు చేతులూ పైకెత్తి, ఇసుకలో జారుతూ, "చూశాం నాన్నా! చూశాం!" అని అరుస్తూ వచ్చింది. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వెనకే వచ్చిన మా ఆవిడ జుట్టు నిండా గడ్డిపరకలు. డ్రైవరు మోకాళ్లు దులుపుకుంటూ, "యల్లా సార్, పదండి, గేటు మూసేస్తాడు" అన్నాడంతే.

మర్నాడే ఆఫీసులో కథ నాదైపోయింది. కారు తాళాలు పట్టుకుని అతను అక్కడే ఉన్నాడు. విని, నవ్వి ఊరుకున్నాడు. ఒకసారి సెలవులకొచ్చినప్పుడు ఇంట్లో చుట్టాల ముందు, "నువ్వు లేవుగా నాన్నా" అని పిల్ల అంది. పెద్దవాళ్ల మాటలకు అడ్డు రావద్దని కసిరాను. డ్రైవరుకి క్షమాపణ చెప్పకుండానే నా ఉద్యోగం అక్కడ ముగిసింది.

పోయిన నెల మళ్లీ చుట్టాలొచ్చారు, మళ్లీ ఆ కథ అడిగారు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా అమ్మాయి లేచింది. "ఇన్నాళ్లకి ఒప్పుకున్నావు! జరుగు, మిగతాది నేను చెప్తా" అంటూ హాల్లో గచ్చు మీద బోర్లా పడుకుంది. మోచేతుల మీద పాకుతూ, తను తల ఎత్తకుండా డ్రైవరు అరచెయ్యి ఎలా ఆనించాడో, ఒక తల్లి జింక ఎంత దగ్గరికొచ్చి గడ్డి కొరికిందో చూపించింది. అందరితోపాటు నేనూ నేల మీద కూర్చుని విన్నాను.