నడుస్తూ మాట్లాడలేని ఫెర్రుచ్చో

ఫెర్రుచ్చో నడుస్తూ మాట్లాడలేడు. నోరు తెరవాలంటే కాళ్ళు ఆగాలి, కాళ్ళు కదలాలంటే నోరు మూతపడాలి. ఆ మనిషిని చేసేటప్పుడు దేవుడు రెండింటినీ ఒకే తాడుకి కట్టేసినట్టున్నాడు.

మాట రుచిగా ఉన్నచోట ఒక క్షణం ఆగడం బొలోన్యాలో అందరికీ ఉన్న అలవాటే, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఫెర్రుచ్చోది ఆగడం కాదు, లంగరు వెయ్యడం. పాదాలు ఎడంగా పెట్టి, పక్కవాడి మోచెయ్యి దొరకబుచ్చుకుని, కుడిచేతి అయిదు వేళ్ళ కొసలూ ఒకచోట చేర్చి గాలిలో ఊపడం మొదలుపెట్టాడంటే, దారిన పోయే పావురాలు కూడా పక్కకి తప్పుకుంటాయి.

ముప్ఫయ్యొక్క ఏళ్ళు సిటీ బస్సు తోలాడు. డ్రైవరుతో మాట్లాడరాదని అన్ని బస్సుల్లోనూ రాసి ఉంటుంది. మిగతా బస్సుల్లో ఆ రాత డ్రైవరు మేలు కోరి రాసింది, ఫెర్రుచ్చో బస్సులో ప్రయాణికుల మేలు కోరి రాసింది. ఒకసారి ఎవరో పొరుగూరావిడ చేపల బజారుకి ఎక్కడ దిగాలని అడిగింది. ఫెర్రుచ్చో బస్సు ఆపాడు, బ్రేకు వేశాడు, సీట్లో వెనక్కి తిరిగాడు, ఏ రోజు ఏ చేప కొనాలో కూడా చెప్పాడు. వెనక నాలుగు బస్సులు నిలబడిపోయాయి. ఆవిడ మాత్రం ఆ తర్వాత జన్మలో మోసపోలేదు.

కూతురి పెళ్ళిలో ఆమె చెయ్యి పట్టుకుని చర్చి మధ్యకి వచ్చేసరికి పక్క బెంచీలో బావమరిది కనపడ్డాడు. ఆయన పిత్తాశయం ఆపరేషను ఎలా జరిగిందో తెలుసుకోవలసి వచ్చింది. వాయిద్యం వాయించేవాడు అదే పాట మూడుసార్లు వాయించాడు. పెళ్ళికొడుకు మెట్టు మీద కూర్చున్నాడు.

ఇవన్నీ విజీలియోకి కొత్త కాదు. యాభై ఎనిమిదేళ్ళ కిందట ఇద్దరూ ఒకే పటాలంలో సైనికులు. కవాతులో ఫెర్రుచ్చోని వరుస చివర పెట్టేవారు, అతను ఆగితే వెనక ఇంకెవరూ ఆగకుండా. విజీలియోని అందరికంటే ముందు పెట్టేవారు. ఆ సంగతి విజీలియో ఇప్పటికీ చెబుతాడు. బెల్లూనో కొండల్లో పుట్టినవాడు. ఒకే గది ఉన్న బడిలో అయిదో తరగతి దాకా చదివి, లెక్కల్లో మొదటివాడిగా నిలిచాడు. నలభై రెండు వేసవులు పై మేతభూముల్లో ఆవులు కాసి, చేసిన చీజుకి రెండుసార్లు జిల్లా పతకం తెచ్చుకున్నాడు. ఊరి చర్చికి కొత్త గంట ఎక్కించినప్పుడు తాడు లాగిన ఆరుగురిలో ముందువాడు అతనే. ఏ పనికీ ఆలస్యంగా వెళ్ళి ఎరగడు, ఏ మెట్టు మీదా ఆయాసపడి ఎరగడు. కనీసం ఎవరూ చూసి ఎరగరు.

అలాంటివాడు డెబ్బై తొమ్మిదో ఏట మే నెలలో ఒక్క పూటకి బొలోన్యా వచ్చాడు. కిందటి చలికాలం భార్య పియెరీనాకి ఈ ఊళ్ళోనే పెద్ద ఆపరేషను జరిగింది. ఆసుపత్రి కిటికీలోంచి చూస్తే దూరంగా కొండ మీద సాన్ లూకా మరియమాత గుడి కనిపించేది. పదకొండు రోజులు ఆ కిటికీ దగ్గర నిలబడి విజీలియో మొక్కుకున్నాడు. పియెరీనా తన కాళ్ళ మీద ఇంటికి వచ్చింది. ఇక తన కాళ్ళ మీద తను వెళ్ళాలి. కొండ ఎక్కాలి. నడిచి ఎక్కాలి. సాయంత్రం ఆరూ నలభైకి తిరుగు రైలు.

"రెండో ఆదివారం దాటాక రా, ముందు రాకు," అని ఫెర్రుచ్చో ఫోన్లో ఒకటికి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ ఎక్కడో నిలబడే చెప్పి ఉంటాడు.

తొమ్మిదింటికి రైలు దిగగానే విజీలియో అన్నాడు, "ఒరే, మాటలు తర్వాత. ముందు కొండ."

"కొండ ఎక్కడికి పోతుందిరా. పద," అన్నాడు ఫెర్రుచ్చో, కదలకుండా నిలబడి.

స్టేషను నుంచి ఊరి నడిబొడ్డుకి తిన్నగా పెద్ద వీధి ఉంది. ఫెర్రుచ్చో దాన్ని వదిలేసి పక్క సందుల్లోకి తిప్పాడు.

"ఇటెందుకురా?"

"ఎండ."

ఆ వీధికి రెండువైపులా నీడనిచ్చే కమానుల దారులున్నాయని విజీలియో కళ్ళారా చూశాడు. అయినా తను అతిథి, ఊరు ఫెర్రుచ్చోది.

మొదటి సందులో గోడకి చిన్న కిటికీ ఉంది, తెరిస్తే ఇళ్ళ మధ్యనుంచి పారే కాలవ కనపడుతుంది. ఫెర్రుచ్చో తెరిచి, ఆగి, ఆ కాలవ మీద ఇరవై నిమిషాలు మాట్లాడాడు. రెండు వంకర బురుజుల కింద పావుగంట. సముద్రదేవుడి విగ్రహం దగ్గర అరగంట, అందులో పదినిమిషాలు ఆ దేవుడి మోకాళ్ళ గురించే. ఏడు చర్చిలు ఒకదాన్నొకటి అతుక్కుని ఉన్నచోట ఒక్కొక్క చర్చికి ఒక్కొక్క ఆగడం కాదు, గుమ్మానికి ఒకటి, అరుగుకి ఒకటి.

"నువ్వు ఊరు చూపిస్తున్నావా, ఊరికి నన్ను చూపిస్తున్నావా?" అన్నాడు విజీలియో.

"ఆ అరుగు మీద కూర్చో, చెబుతాను."

"కూర్చోను. నేను పన్నెండు వందల మీటర్లు ఎక్కి పాలు పితికి, దిగి పొద్దున భోజనం చేసినవాణ్ణి."

"నువ్వు కూర్చోకురా. నేను కూర్చుంటాను, నువ్వు నా పక్కన ఉండు. మెడ ఎత్తి మాట్లాడలేను."

విజీలియో కూర్చున్నాడు. స్నేహితుడి మెడ కోసం.

పెద్ద కూడలి పక్కన పాత భవనం కింద నాలుగు దారులు కలిసే కమాను ఉంది. అక్కడ ఒక మూల గోడకి మొహం పెట్టి గుసగుసలాడితే ఎదురు మూలలో ఉన్నవాడికి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. విజీలియోని ఒక మూల నిలబెట్టి, ఫెర్రుచ్చో రెండో మూలకి బయల్దేరాడు. దారిలో తెలిసినవాడు కనపడ్డాడు. సరిగ్గా నడిమధ్యన లంగరు పడింది.

విజీలియో గోడవైపు తిరిగి ఎదురుచూశాడు. అవతల ఎవరూ లేరు కదా అనుకున్నాడు. చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని గోడతో మెల్లగా అన్నాడు, "అమ్మా, ఈ ఒక్క పూట ఈ గుండెని నడవనియ్యి. కొండెక్కాక నీ ఇష్టం."

తిరిగి చూస్తే ఫెర్రుచ్చో ఎదురు మూలలో గోడకి మొహం పెట్టి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. చాలాసేపు కదల్లేదు.

"ఏమైనా వినపడిందా?" అన్నాడు విజీలియో దగ్గరికెళ్ళి.

"నాకేం వినపడుతుందిరా. నా చెవులు బస్సు ఇంజనుకి ఎప్పుడో అర్పించుకున్నాను. ఆకలేస్తోంది, పద."

భోజనం దగ్గర వేడి పులుసులో తొర్తెల్లీని, మాంసం కూరిన చిన్న పిండి చుట్టలు, వచ్చాయి. వడ్డించే ఆవిడ గిన్నెలు పెడుతూ, "రద్దీగా ఉంది, ఆలస్యమైతే ఏమీ అనుకోవద్దు. శనివారం నుంచీ ఇంతే, మా అమ్మ..." అనబోయింది.

"మీ అమ్మగారి మోకాలు ఎలా ఉంది?" అన్నాడు ఫెర్రుచ్చో.

"మా అమ్మ పోయి ఆరేళ్ళయింది కదయ్యా."

"అవును. అప్పట్లో ఎలా ఉండేది?"

ఆవిడ అతనివంక చూసింది, విజీలియో వంక చూసింది, ఇంకో గరిటె పులుసు పోసి వెళ్ళిపోయింది.

మూడు గంటలైంది. విజీలియో చేతిగుడ్డ మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఫెర్రుచ్చో, ఆ దేవుడి మోకాళ్ళూ వద్దు, ఆవిడ అమ్మ మోకాలూ వద్దు. నేను పోతున్నాను. దారి అడిగి వెళ్తాను. నాకు నోరుంది, కాళ్ళున్నాయి, రెండూ విడివిడిగా పనిచేస్తాయి."

లేచి బయటికి నడిచాడు. ఎవరినో అడిగాడు, వాళ్ళు పడమటి ద్వారం వైపు చెయ్యి చూపించారు. కమానుల కింద గబగబా నడిచాడు, చీజు పతకం తీసుకోవడానికి వేదిక ఎక్కిన రోజు నడిచినట్టు నడిచాడు. ముప్ఫయి కమానులు దాటాడు. నలభయ్యోదాని దగ్గర స్తంభం కొంచెం దగ్గరగా వచ్చినట్టనిపించింది. దాన్ని పట్టుకున్నాడు. ఛాతీలో ఎవరో పిడికిలి బిగిస్తున్నారు. కొండ మొదలు ఇంకా కంటికే ఆనలేదు.

ఒక నిమిషం తర్వాత వెనకనుంచి మోచెయ్యి దొరికింది.

"ఆగరా నాయనా, చంపేశావు," అన్నాడు ఫెర్రుచ్చో, పెద్దగా రొప్పుతూ. "నీలాంటి కొండవాడితో నేనెక్కడ నడవగలను. ఈ స్తంభం ఉంది చూశావూ, దీని కథ చెప్పనీ."

ఆ స్తంభానికి కథేమీ లేదు. ఫెర్రుచ్చో పన్నెండు నిమిషాలు చెప్పాడు. అందులో ఒక బిషప్పు ఉన్నాడు, ఒక గాడిద ఉంది. కథ అయ్యేసరికి విజీలియో పెదాలకి రంగు తిరిగి వచ్చింది, పిడికిలి వదులైంది.

"సరే, కొండకే పోదాం," అన్నాడు ఫెర్రుచ్చో. "దారిలో సాన్ పియెత్రో చర్చిలో ఒక్క నిమిషం. చల్లగా ఉంటుంది. నా కోసం."

"ఒక్క నిమిషమేనా?"

"నేను లోపల మాట్లాడను. చర్చి కదా."

ఆ మాట మీద విజీలియో ఒప్పుకున్నాడు. మెల్లగా నడిచారు. ఫెర్రుచ్చో ఏడుసార్లు ఆగాడు. చివరికి తేలింది ఎక్కడయ్యా అంటే, పొద్దున ఎండ అని తప్పించిన ఆ పెద్ద వీధిలోనే. చర్చి గుమ్మం నుంచి లోపలి దాకా జనం వరుస కట్టి ఉన్నారు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్ళు, బజారు సంచులతో తిన్నగా వచ్చేసినవాళ్ళు.

ముందు నిలబడ్డ ముసలావిడ వెనక్కి తిరిగింది. "మీరూ అమ్మని చూడ్డానికేనా?"

"ఏ అమ్మనండీ?"

"ఏ అమ్మ ఏమిటయ్యా. సాన్ లూకా అమ్మ. ఆవిడ పటం మొన్న శనివారం ఊరేగింపుగా దిగింది, వచ్చే ఆదివారం మళ్ళీ ఎక్కుతుంది. ఏటా ఈ వారం కొండ మీద గుడి ఖాళీ, ఆవిడ ఇక్కడే. మీది ఏ ఊరు?"

విజీలియో ఫెర్రుచ్చో వంక తిరిగాడు. ఫెర్రుచ్చో చర్చి పైకప్పు ఎవరు వేశారా అన్నంత శ్రద్ధగా పైకి చూస్తున్నాడు.

"నీకు తెలుసు."

"ఊళ్ళో అందరికీ తెలుసురా."

"పొద్దున చెప్పడానికేం?"

"చెబితే ఏం చేసేవాడివి? ఆవిడ కిందుందా, అయితే నేను పైకెక్కి ఖాళీ గుడి చూసి దిగి వచ్చి ఇక్కడ దణ్ణం పెడతాననేవాడివి. యాభై ఎనిమిదేళ్ళుగా ఎరుగుదును నిన్ను." ఫెర్రుచ్చో కొంచెం ఆగి, అదివరకే ఆగి ఉన్నాడు కాబట్టి ఇంకొంచెం ఆగి, "పియెరీనా ఫోను చేసింది. డాక్టరు ఎక్కొద్దన్నాడట. తను చెప్పిందని నీతో అనొద్దంది, అనేశాను," అన్నాడు.

విజీలియో వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. లెక్కల్లో మొదటివాడు కదా, లోపల లెక్క చూసుకుంటున్నాడు. కాలవ దగ్గర ఆగినచోట గట్టు ఉంది. బురుజుల కింద రాతి పీట ఉంది. విగ్రహం దగ్గర మెట్లు, చర్చిల దగ్గర అరుగులు. పొద్దుట్నుంచీ ఈ మనిషి ఒక్కచోట కూడా కూర్చోవడానికి వీల్లేని చోట ఆగలేదు.

అయినా పౌరుషం ఒప్పుకోదు. "మొక్కు మొక్కే. కొండెక్కుతానని మాటిచ్చాను."

"ఆసుపత్రి కిటికీ దగ్గర ఏమని మొక్కావో ఉన్నదున్నట్టు చెప్పు."

విజీలియో ఇంకోచోటైతే ఒక మాట అటూ ఇటూ చేసేవాడేమో. ఎదురుగా వరుస చివర అమ్మ ఉంది. "అమ్మా, నా కాళ్ళతో నీ ముందుకి వస్తానన్నాను."

"కొండ అన్నావా?"

"...అనలేదు."

"మరింకేం నాయనా," అంది ముసలావిడ. "ఎక్కలేని ముసలాళ్ళ కోసమే కదా ఆవిడ..."

"ఆరూ నలభై రైలు ఉన్నవాళ్ళ కోసం," అన్నాడు ఫెర్రుచ్చో.

ముసలావిడ ఇద్దర్నీ చూసింది. "ఆ, వాళ్ళ కోసమే," అంది.

వరుస కదిలింది. పటం మీది వెండి తొడుగులోంచి నల్లని మొహం, పక్కకి చూసే పెద్ద కళ్ళు. విజీలియో టోపీ తీశాడు. గంట సంగతి, పతకాల సంగతి, ముందు వరుస సంగతి చెప్పాలనుకున్నవాడు అవేవీ చెప్పలేదు. "పియెరీనా నిన్న అటక మెట్లు ఎక్కిందమ్మా. నన్నడక్కుండానే ఎక్కింది," అన్నాడు.

ఫెర్రుచ్చో మాట నిలబెట్టుకున్నాడు. గుమ్మం దాటేదాకా నోరు తెరవలేదు.

ఆరున్నరకి ప్లాట్‌ఫాం మీద ఫోను మోగింది. పియెరీనా.

"ఏమయ్యా, కొండ ఎక్కావా?" అంది. గొంతులో దొంగతనం ఉంది.

విజీలియో ఫెర్రుచ్చో వంక చూశాడు. ఫెర్రుచ్చో రైలు చక్రాల వంక చూస్తున్నాడు.

"లేదు," అన్నాడు విజీలియో, ఛాతీ విరుచుకుని, రైలుపెట్టె మొదటి మెట్టు మీద కాలు పెడుతూ. "ఎక్కే అవసరం రాలేదు. ఆవిడే దిగి వచ్చింది. వచ్చేది ఎవరో ముందే తెలిసినట్టుంది."