నూట ఎనభై ఆరో ఓటు

వడమాలపేటకు మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఆ పల్లెలో అరవై గడపలు. ఓటు ఎవరికి వేయాలా అని అక్కడ ఎవరూ ఆలోచించిన పాపాన పోలేదు. పోలింగుకు ముందురోజు పల్లె పెద్ద ఎల్లప్ప తెల్లపంచె కట్టుకుని ఆసామి గంగాధరం మామిడితోటకు వెళ్ళేవాడు. "పల్లె పల్లెంతా నీదే అయ్యా" అని మాటిచ్చి వచ్చేవాడు. పేపర్లవాళ్ళు ఈ ప్రాంతం ఫలానా పార్టీకి కంచుకోట అని రాసేవాళ్ళు. కోటా లేదు, కంచూ లేదు. పల్లె బోరు ఎండి పదేళ్ళయింది. గంగాధరం తోటలోని బోరు నుంచి వచ్చే రెండంగుళాల పైపే అక్కడి రాజకీయమంతా.

ఎల్లప్ప తన మొదటి ఓటు తాను వేయలేదు. గంగాధరం తండ్రి పక్కనే నిలబడి, అతని చెయ్యి పట్టుకుని ముద్ర గుద్దించాడు. ఆ సిగ్గు ఎల్లప్ప కడుపులో అట్లాగే ఉండిపోయింది. తర్వాతి ఎన్నికల్లో అట్ట చాటున ఒంటరిగా నిలబడి, అవతలి గుర్తు మీద ముద్ర వేశాడు. ఆ పార్టీ మీద మోజేమీ లేదు. అట్ట వెనక ఆ ఒక్క నిమిషం తనది, అంతే. పల్లెనంతా గంగాధరానికి అప్పజెప్పి, తన ఓటొక్కటి దాచుకున్నాడు. ముప్పై ఏళ్ళు అదే వరస. లెక్కపెట్టే ముందు అన్ని ఊళ్ళ కాగితాలూ కలిపేసేవాళ్ళు, ఇంక భయమేముంది?

రెండువేల నాలుగులో మిషన్లు వచ్చాయి. ఎల్లప్ప మీట నొక్కాడు, అది కుయ్యిమంది, అతను ఇంటికొచ్చి సంకటి తిని పడుకున్నాడు. మిషన్లను కలపరని, ఏ పల్లె లెక్క ఆ పల్లెకే తేలుతుందని అతనికి చెప్పిన దిక్కు లేదు.

గంగాధరం నిలబెట్టిన మనిషి వేల ఓట్లతో ఓడిపోయాడు. మూడోనాడు గంగాధరం ఒక కాగితం పట్టుకుని పల్లెకు వచ్చాడు.

"మీ పల్లెలో పడినవి నూట ఎనభై ఆరు. మనకు నూట ఎనభై అయిదు" అన్నాడు చల్లగా. "ఒక్క ఓటుతో నేనేం గెలిచేది లేదబ్బా. కానీ ఎవురో తెలియాల. నా నీళ్ళు తాగతా నన్ను కాదన్నోళ్ళు యాడుండారో నేను సూడాల."

ఆ సాయంత్రమే పైపు ఆగిపోయింది.

మే నెల ఎండలు. ఆడవాళ్ళు మూడు మైళ్ళు నడిచి బిందె మోయాల్సి వచ్చింది. నాలుగు రోజులు తిరక్కుండానే పల్లె మనుషులు ఒకరి ముఖం ఒకరు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు. అయిదో రోజుకు అందరి చూపూ వెంకటముని కోడలు రూపశ్రీ మీద నిలిచింది. పుత్తూరు పక్కనుంచి వచ్చి ఏడాది కాలేదు, పైగా పుట్టింట్లో ఆమె తండ్రి అవతలి పార్టీ జెండా మోసినవాడు. ఇంకేం కావాలి జనానికి? నేను కాదని ఆ పిల్ల మొత్తుకుంటే వినేదెవరు? బొంకినమ్మ బొంకినట్టుండగా నిజం చెప్పినామెకు నిష్ఠూరం! ఆ పిల్ల దగ్గర బిందె లాక్కున్నారు. మొగుడు మాట్లాడడం మానేశాడు.

"కాణిపాకంలో పెమాణం చెయ్యండి" అని కబురుపెట్టాడు గంగాధరం. "ముందు మాటిచ్చిన పెద్దమనిషి, తర్వాత ఆ పాప."

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసి బాగుపడినవాడు చిత్తూరు జిల్లాలో లేడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందరూ వ్యాన్లో బయల్దేరారు. ముందు సీట్లో రూపశ్రీ మెడ వంచుకుని కూర్చుంది, ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎల్లప్ప దారి పొడుగునా ఆ ఖాళీ సీటునే చూస్తూ కూర్చున్నాడు.

తలస్నానం చేసి తడిబట్టలతో గుడి ముందు నిలబడ్డాక ఎల్లప్ప గంగాధరం వైపు తిరిగాడు.

"అయ్యా, ఆ ఓటు నాది. ఈసారే కాదు, ముప్పై ఏండ్లుగా నేను నీకు వెయ్యలేదు."

గంగాధరం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత మంచోడివి ఎల్లప్పా! ఆడబిడ్డ కోసరం ఇంత మాట నెత్తినేసుకుంటివే."

"నిజం అయ్యా. పెమాణం చేస్తాను, నన్ను లోపలికి పోనీ."

"వద్దప్పా వద్దు. దేవుడి ముందర అబద్ధం ఆడి ఆ పాపం మూటగట్టుకోవద్దు" అని గంగాధరమే ఎల్లప్ప చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. తర్వాత వెంకటముని వైపు చూశాడు. "పెద్దాయనే ఇంతకు తెగించినాడంటే ఓటెవురిదో తెలియలా? ఇంకేం పెమాణాలొద్దు."

రూపశ్రీ ప్రమాణం చేస్తానని ఏడ్చింది. ఎవరూ చెయ్యనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే పైపులో నీళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళు బిందెలు ముంచుకుంటూ ఎల్లప్పకు దండాలు పెట్టారు. అదే వేళకు వెంకటముని కోడలి బట్టలు సంచిలో కుక్కి, పుత్తూరు బస్సు ఎక్కించడానికి రోడ్డు మీదికి తెచ్చాడు. ఎల్లప్ప కాళ్ళీడ్చుకుంటూ వెంట వెళ్ళాడు. బస్సు ఆగింది. ఆ పిల్ల మెట్టు మీద కాలుపెట్టి ఒక్కసారి తిరిగి చూసింది.

"నువ్వు చెప్పింది నిజమేనని నాకు తెలుసు తాతా" అంది. "నా ఓటు ఎవురికేసినానో నాకు తెలుసు గదా."