జారిన మూడో బంతి

మా డ్రిల్ సారు పోయారని హిందూపురం నుంచి తమ్ముడు ఫోను చేశాడు. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయారట. నేను పెనుకొండలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. మా హిందూపురం మైదానంలో సున్నపు గీతల మధ్య తెల్ల నిక్కరు, తెల్ల చొక్కాతో వంగి నిలబడిన ఆయనే దారిపొడవునా కళ్ళ ముందు ఉన్నారు.

అరవయ్యో దశకంలో మా వైపు సాఫ్ట్‌బాల్ అంటే ఎవరికీ తెలియదు. సారు మద్రాసులో ఏదో శిక్షణకు వెళ్ళి, ఒక బంతి, రెండు తోలు గ్లవ్‌లు, ఇంగ్లీషులో టైపు చేసిన నియమాల పుస్తకం తెచ్చారు. బ్యాటు మా ఊరి వడ్రంగి చేశాడు. ఆ నియమాలన్నీ సారు తెలుగులో నోటుబుక్కులోకి రాసుకున్నారు. ఓణీలు నడుముకు బిగించి మేము ఆడేవాళ్ళం. శనివారాలు రైలెక్కి వెళ్ళి ధర్మవరం ఆడపిల్లలకూ ఆయనే నేర్పారు. అందుకే రెండు బడులకూ పోటీ పెడితే అంపైరు ఆయన తప్ప వేరే దిక్కు లేదు.

అంపైరుగా నిలబడితే మా సారు మాకు కొత్త మనిషైపోయేవారు. స్ట్రైకులు, అంటే బ్యాటుకు తగలకుండా పోయిన బంతులు, లెక్కపెట్టడానికి కుడి జేబులో గులకరాళ్ళు వేసుకునేవారు. పేర్లు పిలిచేవారు కాదు. ఎవరైనా అరిస్తే, అరుపు అయిపోయేదాకా ఆగి, అదే మాట అదే గొంతుతో మళ్ళీ చెప్పేవారు. "చూసింది చెప్పల్ల. అనుకుండేది చెప్పగూడదు" అనేవారు మాతో.

ఆ ఆటలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టిన నియమం ఒకటుంది. బ్యాటు పట్టిన పిల్ల మూడో బంతి కూడా కొట్టలేకపోతే ఔట్. కానీ వెనక కూర్చున్న క్యాచర్ ఆ మూడో బంతిని జారవిడిస్తే, ఆ పిల్ల ఇంకా ఔట్ కాదు. బంతి చేరేలోపు మొదటి బేస్‌కు, అంటే నేలమీద గీసిన మొదటి గడికి, పరిగెత్తవచ్చు. ఆ బేస్‌లో అప్పటికే ఆమె జట్టు పిల్ల నిలబడి ఉంటే మాత్రం వీల్లేదు, ఔటే. అయితే అంతకుముందే ఇద్దరు ఔటై ఉంటే, బేస్‌లో ఎవరున్నా సరే పరిగెత్తవచ్చు. సారు దీనికి 'జారిన మూడోది' అని పేరు పెట్టారు. నేలమీద గీతలు గీసి, మమ్మల్నే బేస్‌లలో నిలబెట్టి, పదిసార్లు చెప్పించేవారు.

పోటీ పెనుకొండలో జరిగింది, రెండు ఊళ్ళకూ మధ్యన ఉంటుందని. నేను క్యాచర్‌ని. చివరి వంతుకు మేము ఒక్క పరుగు ముందున్నాం. ధర్మవరం వాళ్ళు ఇద్దరు ఔట్, ఒక పిల్ల మొదటి బేస్‌లో ఉంది. బ్యాటు మాబున్నీ చేతిలో ఉంది. పట్టు నూలుకు రంగులద్దే ఇంటి పిల్ల, సన్నగా, పొడుగ్గా ఉండేది. మూడో బంతికి బ్యాటు బలంగా ఊపింది, తగల్లేదు. బంతి నా గ్లవ్‌కు కొట్టుకుని పక్కకు జారింది. మాబున్నీ పరుగందుకుంది. నేను బంతి తీసుకుని, ఏం చేయాలో తోచక అట్లాగే నిలబడిపోయాను.

సారు పిడికిలి ఎత్తారు. "ఔట్. ఫస్ట్ బేస్‌లో మనిషుండాది."

మాబున్నీ సగం దారిలో ఆగింది. "ఇద్దరు ఔటైనారు గదా సార్" అంది మెల్లగా.

"ఔటే అమ్మీ. పోయి కూర్చో."

ఆ పిల్ల వెళ్ళి కూర్చుంది. మూడో ఔట్‌తో ఆట ముగిసింది, కప్పు మాకు ఇచ్చారు.

తిరుగు రైల్లో మేము బొరుగులు తింటూ పాటలు పాడుతున్నాం. సారు నోటుబుక్కు తీసి ఏదో చూసుకుంటున్నారు. ఒకే పుట చాలాసేపు చూశారు. తరువాత పుస్తకం మూసి, "అమ్మీ, మనం గెలవల్యా. ఇద్దరు ఔటైనంక ఆ పిల్ల పరిగెత్తొచ్చు" అన్నారు.

పాట ఆగిపోయింది. కప్పు నా ఒళ్ళో ఉంది. "ఎవురికీ తెలీదు గదా సార్" అన్నాను.

"ఆ పిల్లకు తెలుసు. చెప్పింది గూడా. నేనే ఇనల్యా."

సోమవారం హెడ్మాస్టరు గారు ఆయన్ను పిలిచి బడి పరువు గురించి చాలా మాట్లాడారట. "తప్పు నాది సార్, బడిది గాదు" అని చెప్పి, సారు ఆ కప్పును తువ్వాలులో చుట్టుకుని మరుసటి ఉదయం ధర్మవరం రైలెక్కారు.

ఆ శనివారం పెనుకొండలోనే ఆట ఆగిన చోటినుంచి మళ్ళీ మొదలైంది. మాబున్నీ మొదటి బేస్‌లో, ఆమె ముందున్న పిల్ల రెండో బేస్‌లో నిలబడ్డారు. తరువాత వచ్చిన పిల్ల కొట్టిన బంతి మైదానం చివరిదాకా పోయింది. రెండో బేస్ పిల్ల చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చేసింది, పరుగులు సమమయ్యాయి. మాబున్నీ కూడా దుమ్ములో జారుకుంటూ వచ్చింది. నేను బంతితో ఆమెను తాకాను. ముందు తాకానా, తరువాత తాకానా, నాకే తెలియదు. సారు మోకాళ్ళమీద వంగి చూసి, రెండు చేతులూ బారుగా చాపారు. సేఫ్, అంటే ఔట్ కాదని. మేము ఓడిపోయాం.

పది రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయనా అడగలేదు. పదకొండో రోజు సాయంత్రం గ్లవ్ నా చేతికిచ్చి, బంతి తరువాత బంతి విసురుతూ పోయారు. చీకటి పడబోయే ముందు అన్నారు: "జారేది తప్పు గాదు. జారినంక నిలబడిపోతివే, అదీ తప్పు. నేనైతే ఒక గడియ నిలబడి ఆలోచన గూడా చెయ్యల్యా, ఎదురు చెప్పిన పిల్లను కూర్చోమంటి." అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. అంత పెద్ద మనిషి తన తప్పును నా తప్పు పక్కన పెట్టి, తనదే పెద్దదని చూపిస్తున్నారు.

హిందూపురంలో ఆయన ఇంటి ముందు జనం మధ్య తెల్ల చీరలో ఒక పొడుగాటి ముసలావిడ నిలబడి ఉంది. ఎవరు కబురు చేశారో. నన్ను చూసి, "నువ్వేనా బంతి జారిడిసిన పిల్ల?" అంది మాబున్నీ. ఇద్దరం అరుగుమీద కూర్చున్నాం. అరవై ఏళ్ళుగా నాకు తెలియని సంగతి అప్పుడు చెప్పింది.

"ఆ పొద్దు ప్రార్థనకు నిలబడి ఉంటిమి. సారు మా పెద్ద టీచరమ్మను అడిగి ముందరికొచ్చినాడు. కప్పు ఆయమ్మ చేతికిచ్చి నన్ను పిలిచినాడు. కట్టెపుల్లతో నేలమీద బేస్‌లన్నీ గీసినాడు. మొదటి గడి చూపించి, 'నువ్వు ఈడ ఉండల్ల తల్లీ, నేను నిన్ను ఆడ కూర్చోబెడితి' అన్యాడు. నన్ను ఆ గడిలో నిలబెట్టి, రైలుకు టైమయిందని ఎలబారి పోయినాడు."

"నువ్వేమన్నావు?"

"సార్లు అట్ల తప్పు ఒప్పుకునేది యాడా చూసిందాన్ని గాదు."

గంట కొట్టారట. పిల్లలంతా వరుసలు విడిచి తరగతుల్లోకి వెళ్ళారట. టీచరమ్మ రెండుసార్లు పిలిచిందట. ఎండలో, ఖాళీ ఆవరణలో, మట్టిలో గీసిన ఆ గడి గీతలు తొక్కకుండా రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని, మాబున్నీ అట్లాగే నిలబడి ఉందట.