కెమెరాకి పెట్టిన బొట్టు

మా కోడలు ఎన్నాళ్ళుగానో ముచ్చటపడి, నిన్న రాజమండ్రిలో చవగ్గా ఓ పాత కెమెరా కొనుక్కొచ్చింది. పాతదైనా మా ఇంటికి కొత్తే కదాని, పొద్దున్న పూజలో పెట్టి, ముందున్న గుండ్రటి అద్దం మీద తడి కుంకుమతో బొట్టు పెట్టేశాను.

"అయ్యో అత్తయ్యగారూ, దాని కంట్లోనే పెట్టేశారేంటండీ!" అంది కోడలు.

ఆ అద్దం పాడైతే మరోటి కొనే స్తోమత మాకు లేదు. పాపం, మెత్తటి గుడ్డతో ఎంతసేపో తుడిచింది.

సాయంత్రం నన్నే అరుగు మీద కూర్చోబెట్టింది. "మొదటి ఫోటో మీదేనండి. నవ్వండి."

"మరక మిగిలిపోయిందేమోనే?"

"మిగిలితే ఆ వంకన మిమ్మల్ని మళ్ళీ తీస్తాను లెండి. కదలకండి."

నవ్వాననే అనుకుంటున్నాను. రీలు పూర్తయి, కడిగించి తెచ్చేదాకా నాకు నిద్ర పట్టదు. ఇంతకీ మీ ఇళ్ళల్లో కెమెరాకి బొట్టు ఎక్కడ పెడతారండి?