చిల్లంగి ఇంటి తలుపు

ఊరికే ఇస్తామనేవాళ్లను నేను నమ్మను. అరకుకి టూరిస్టులు పెరిగాక అలాంటివాళ్లు మరీ ఎక్కువయ్యారు. అందుకే ఆ రిసార్టు మేనేజరు మా షెడ్డు ముందు బండి ఆపి, మా కొత్త ఎస్కేప్ రూమ్ మీరొచ్చి ఆడి చూడండమ్మా, డబ్బులేం వద్దు అన్నప్పుడు, కూర్చోమని కుర్చీ వేశానే గానీ టీ మాత్రం ఇవ్వలేదు.

ఆ షెడ్డు మా ఆడవాళ్ల సంఘానిది. కాఫీ గింజలు ఆరబెట్టుకునేదీ, మబ్బు పట్టినప్పుడు మిరియాలు చేరవేసుకునేదీ అందులోనే. సంఘానికి నేనే పెద్దని. మేనేజరు కన్ను ఆ షెడ్డు మీద ఉంది. ఊళ్లోనే ఇంకో ఎస్కేప్ రూమ్ పెడతాడట, మా వాళ్లకి ఉద్యోగాలిస్తాడట. ముందు రిసార్టులో ఉన్నది చూసి బాగుందో లేదో మీరే చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. విశాఖ కుర్రాడు, మాట మెత్తగా ఉంది. అదే నాకు నచ్చలేదు.

ఎస్కేప్ రూమ్ అంటే ఏమిటో కూడా ఆయనే చెప్పాడు. మనల్ని ఒక గదిలో పెట్టి మూసేస్తారు. లోపల దాచిన గుర్తులు వెతికి, తాళం నంబరు కనిపెట్టి, గంటలోగా బయటపడాలి. జనం దీనికి డబ్బిచ్చి మరీ వస్తారట. మా సంఘంలో ముసలామె అంతా విని, "మేక్కూడా కట్టేత్తే ఊరుకోదు. ఈలు డబ్బులిచ్చి కట్టించుకుంతారేటి?" అంది.

వెళ్దామని పట్టుబట్టింది ఒక్కతే, మా ఊరి చిన్నకోడలు. ఆమె పుట్టిల్లు కొండకి అవతలి పక్క. నోట్లో నాలుక లేని మనిషి, సంఘం కూర్చున్నప్పుడు మూల చేరి కాఫీ గింజలు ఏరుకుంటూ ఉంటుంది. అలాంటిది, నీళ్లకి పోయినా కట్టెలకి పోయినా నా వెనకే వచ్చి, ఒకపాలి సూసొద్దుం అత్తా అని ఒకటే పాట. ఎందుకే నీకంత ఆత్రం అంటే నేల చూపులు చూసింది. ఆమె తమ్ముడు ఆ రిసార్టులోనే తోటపని చేస్తాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. లెక్క కుదిరిపోయింది. మేనేజరు తమ్ముడికి చెప్పాడు, తమ్ముడు అక్కకి నూరిపోశాడు, అక్క మమ్మల్ని తోలుకుపోతోంది. ఒకసారి చేయి దాటిన షెడ్డు మళ్లీ మాకు దక్కదు. సరే, దీని సంగతీ వాడి సంగతీ అక్కడే తేలుద్దామని ముసలామెని కూడా తోడు తీసుకుని బయలుదేరాను.

అక్కడ బోర్డు చూడగానే నాకు ఒళ్లు మండింది. 'చిల్లంగి ఇల్లు' అని ఎర్ర అక్షరాలు, కింద జుట్టు విరబోసుకున్న ముసల్దాని బొమ్మ. చిల్లంగి అంటే చేతబడి. మా కొండల్లో అది ఆటకి వాడే మాట కాదు. ఒకసారి ఒక ఆడమనిషి మీద ఆ మాట పడిందంటే ఆమె చేతి నీళ్లు ఎవరూ ముట్టరు, ఊళ్లో ఉండనివ్వరు. ఆ సంగతే మేనేజరుతో అన్నాను. థ్రిల్ కోసమండీ అని నవ్వేశాడు. ఫోన్లు ఇచ్చెయ్యమన్నాడు. ఎందుకని అడిగితే రూల్ అన్నాడు. నా ఫోను బొడ్లో దోపుకుని, లేదన్నాను.

మమ్మల్ని వెనక నుంచి ఒక ప్లైవుడ్ తలుపులోంచి లోపలికి పంపి మూసేశారు. లోపల మా కొండ ఇల్లు ఒకటి తయారు చేసిపెట్టారు. మట్టి గోడ అంటే సిమెంటుకి రంగు. పొయ్యి నట్టింట్లో, దాని మీద కుండలో ప్లాస్టిక్ పుర్రె. సొరబుర్రకి వార్నీషు. మూలనున్న కెమెరా మమ్మల్నే చూస్తోంది. తిరగలి మాత్రం నిజమైనదే, దూలాలూ నిజమైనవే, పొగచూరి నల్లగా ఉన్నాయి. ఎదురుగా ఒంటిరెక్క పాత చెక్క తలుపు. దానికి గొలుసు, గొలుసుకి నంబర్ల తాళం. మేం బయటపడాల్సింది అందులోంచి.

ఎర్ర లైటు వెలిగింది. ఎక్కడో డప్పు మోగి, ముసలిది వచ్చేస్తోంది, పారిపోండి అని మైకులో గొంతు వినిపించింది. "నానిక్కడే ఉన్నాను కదా, ఇంకెవులొత్తారు?" అని ముసలామె తిరగలి మీద చతికిలబడింది.

నేను గోడ మీది బొమ్మలు చూస్తున్నట్టు నటిస్తూ చిన్నకోడల్నే కనిపెడుతున్నాను. అది పొయ్యిలోకి చూడలేదు, చేట ఎత్తలేదు, గోడ మీది ముగ్గులు లెక్కపెట్టలేదు. ఆడేవాళ్లు చెయ్యాల్సిన పని ఒక్కటీ చెయ్యలేదు. తిన్నగా తలుపు దగ్గరికి పోయి నిలబడింది. చెక్క మీద అరచెయ్యి ఆనించి, పైనుంచి కిందికి నిమిరింది. మళ్లీ నిమిరింది. తర్వాత తాళం ఉన్న వైపు కాకుండా రెండో వైపు మోకాళ్ల మీద కూర్చుని, తలుపు అడుగున వేళ్లు దూర్చి, భుజం ఆనించి ఒక్క ఎత్తు ఎత్తింది.

పాతకాలపు తలుపులకి ఇనప బందులు ఉండవు. ఒక పక్కన పైనా కిందా చెక్క మొనలుంటాయి, అవి గడపలోనూ పైకమ్మీలోనూ తొలిచిన గుంటల్లో తిరుగుతాయి. అది ఎత్తగానే కింది మొన గుంటలోంచి ఊడి పక్కకి జరిగింది. మనిషి దూరేంత సందు పడింది. తాళం తాళంలాగే ఉంది. "రండత్తా" అంది నా మొహం చూడకుండా.

పాకుతూ బయటికొచ్చాం. ముసలామె అయితే తెగ సంబరపడిపోయింది. గట్టిగా ఒక పాట పాడేంత సేపు కూడా లోపల లేము. మేనేజరు పరుగెత్తుకొచ్చి, కోపం దిగమింగుకుంటూ, ఇలా ఇంతవరకూ ఎవరూ రాలేదు, మీకు ఎవరు చెప్పారని అడిగాడు. నేను అడగబోయేదీ అదే. ఆయనకీ నాకూ మాట కలిసింది ఆ ఒక్కసారే. చిన్నకోడలి మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. నిజం చెప్పు, నీ తమ్ముడేగా నేర్పాడు, మమ్మల్ని ఏమనుకుంటున్నావు, షెడ్డు వీడికి రాసిచ్చేద్దామనా అని దులిపేశాను.

అది చెయ్యి విడిపించుకోలేదు. నా చేతినే పట్టుకుని కిందికి వంచి, తలుపు అడుగున పెట్టింది. అక్కడ నాలుగు వేళ్లు పట్టేంత గంటు ఉంది, కొడవలితో చెక్కింది. నున్నగా అరిగిపోయి ఉంది.

"మా అమ్మోల తలుపు అత్తా ఇది" అంది. "అమ్మ పోడు సేనుకి పోతా బయట గడియెట్టీసి పోయీది. తమ్ముడూ నానూ దీన్ని ఎత్తి పారిపోయీవోలం. అమ్మొచ్చీసరికి మల్లా లోపల కూసునీవోలం."

నా అనుమానం పూర్తిగా తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. దొంగతనం ఉంది. నేను పట్టుకున్న మనిషే వేరు. మేనేజరు కేకేస్తే తమ్ముడు చేతికి మట్టితోనే వచ్చాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, తలుపు పక్కన అక్కని చూడగానే వెనక్కి తిరిగిపోబోయాడు. తల్లి పోయాక పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేశాడు. దూలాలకీ తలుపుకీ చెద పట్టేసింది, పొయ్యిలో పెట్టేశానని అక్కకి కబురు పంపాడు. ఆ తర్వాత వాడు మళ్లీ ఆమె గడప తొక్కలేదు. అందుకే అది నా వెంట పడింది. షెడ్డు కోసం కాదు, వాడిని చూడటం కోసం. నాతో చెబితే పోనివ్వనని భయపడింది.

"తలుపూ, దూలాలూ, తిరగలీ, అన్నీ అమ్మీసినాను" అన్నాడు వాడు గొణుగుతూ.

మేనేజరు మొహం మాత్రం వెలిగిపోయింది. ఎంత మంచి కథండీ, నిజమైన చిల్లంగి ఇంటి తలుపని బోర్డు మీద రాయిద్దాం అన్నాడు. ఆ తల్లి పేరు కూడా అడిగాడు. ఒక తల్లి పిల్లల్ని పెంచుకున్న ఇంటికి ఏం పేరు పెట్టావురా, షెడ్డు కాదు కదా మా ఊరి మట్టి కూడా నీకు రాదు అని అందరి ముందూ కడిగేశాను. రూమ్ ఎలా ఉందో చెప్పమన్నావు కదా, ఇదీ చెప్పేది అన్నాను. ముసలామె నేల మీద ఉమ్మింది.

చిన్నకోడలు మేనేజరు వైపు తిరిగి, "బాబూ, తలుపు మల్లా ఎట్టించీయి. నాను లోపలుంతాను" అంది. ఆట అయిపోయిందమ్మా అన్నాడాయన. ఆటకి కాదు అని అది వంగి లోపలికి వెళ్లిపోయింది.

తమ్ముడే తలుపు ఎత్తి మొన గుంటలో కూర్చోబెట్టాడు. లోపలి లైట్లూ డప్పూ ఆపించాను. టికెట్లు తీసుకున్నవాళ్లు ఎదురుచూస్తున్నారని మేనేజరు రెండుసార్లు వచ్చాడు. నా మొహం చూసి వెనక్కిపోయాడు. చాలాసేపటికి తమ్ముడు గడప దగ్గర గొంతుక్కూర్చుని, అప్పా, బయటికి రాయే అని అక్కని పిలిచాడు. అంత మనిషీ ఏడుస్తున్నాడు.

లోపల్నుంచి దాని గొంతు మామూలుగానే వచ్చింది.

"అమ్మ పోడు నించి రానీరా. అప్పుడొత్తాను."