తారాదేవి పక్కన పెట్టిన ట్యూబు

సింగపూరులో మా వుడ్‌ల్యాండ్స్ బ్లాకులో తారాదేవి తలుపు కొట్టిందంటే తెలుగువాళ్ళందరం చొక్కా చేతులు కిందికి లాక్కునేవాళ్ళం. మనిషి మంచిదే, కానీ సంచిలో సూది ఉంటుంది. ఆమె పరిశోధనకు జబ్బు లేనివాళ్ళ రక్తం కావాలి. జబ్బున్నవాళ్ళు ఆసుపత్రిలో బోలెడుమంది దొరుకుతారు, లేనివాళ్ళే దొరకరు. అందుకని ఆ లాబులో అందరూ అనుమతులు తీసుకుని ఇంటివాళ్ళనీ ఇరుగుపొరుగునీ పట్టుకునేవారు. నేనూ ఒకసారి ఇచ్చాను, మొహమాటానికి.

వాళ్ళ అమ్మ పైడమ్మకు మాత్రం అదో పండగ. మలేసియా కొబ్బరితోటల్లో పుట్టి, మొగుడు పోయాక కూతుర్ని వెంటేసుకుని సింగపూరు వచ్చి, చవక తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో గిన్నెలు కడిగి చదివించిన మనిషి. కూతురు బయోకెమిస్టు అయింది, డాక్టరేటూ తెచ్చుకుంది. అదేం చదువో పైడమ్మకు ఎప్పుడూ అర్థం కాలేదు.

"నానేం సాయం సెయ్యగల్నమ్మా, నెత్తురు తప్ప" అని చేయి చాపేది.

తారాదేవి వెతుకుతున్నది ఒక ప్రోటీన్ కోసం. కిడ్నీలు పాడవబోయే ముందు, ఏ లక్షణమూ కనబడని రోజుల్లోనే, అది రక్తంలో పెరుగుతుందని ఆమె నమ్మకం. ట్యూబుల మీద పేర్లుండవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో సహోద్యోగి దేవన్‌కు తప్ప తెలియదు. తెలిస్తే చూసే కన్ను పక్షపాతం చూపిస్తుందట.

ఆరోగ్యవంతుల ట్యూబులన్నీ అనుకున్నట్టే వచ్చాయి. ఒక్కదాంట్లో మాత్రం ఆ ప్రోటీన్ ఎగిరి కూర్చుంది. రైల్లో తెచ్చేటప్పుడు ఐసు కరిగి చెడిపోయి ఉంటుందని తారాదేవి దాన్ని పక్కన పెట్టింది. వాళ్ళ పనిలో అది మామూలేనట. గ్రాఫు చక్కగా కుదిరింది, వ్యాసం అచ్చయింది, పేరొచ్చింది. మేమంతా చేరి కేకు కోయించాం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తారాదేవి రచ్చే ముందు గెలిచింది.

రెండేళ్ళు తిరక్కుండానే పైడమ్మ కాళ్ళు వాచాయి. కిడ్నీలు దాదాపు పోయాయన్నారు. ముందే తెలిసుంటే ఇంకొన్నేళ్ళు కాపాడగలిగేవాళ్ళమని డాక్టరు మాటవరసకు అన్నాడు. ఆ మాట తారాదేవిని నిలవనివ్వలేదు. దేవన్ దగ్గరికి వెళ్ళి, తను పక్కన పెట్టిన ట్యూబు ఎవరిదని అడిగింది.

"ఆంటీది, తారా" అన్నాడట.

తల్లికి చెప్పొద్దని నేను గట్టిగానే అన్నాను. చెప్పి ఏం బావుకుంటావు, ఆవిణ్ణి కష్టపెట్టడం తప్ప, అని కోప్పడ్డాను కూడా. వినలేదు. డయాలసిస్‌కు ముగ్గురం కలిసి వెళ్ళిన రోజున, తల్లి పక్కన కూర్చుని అంతా చెప్పేసింది.

"అయితే నీ పని నానే సెడగొట్టీసినానా?"

"లేదమ్మా. నీ రక్తం నిజమే చెప్పింది. నేనే నమ్మలేదు."

"తా ఆపా లే" అంది పైడమ్మ, ఏం ఫర్వాలేదని, తోటల్లో నేర్చిన మలాయి మాటలో. మొహం విచ్చుకుంది. నావైపు తిరిగి, "ఇన్నావా? అందర్లోనా నా నెత్తురే నిజం సెప్పిందంట" అంది.

అప్పట్నుంచీ ఆ మాట నర్సులకూ, లిఫ్టులో కనబడినవాళ్ళకూ, గుడిలో పక్కన కూర్చున్నవాళ్ళకూ చెప్పుకుంటూనే ఉంది. కూతురు నమ్మలేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మర్చిపోయిందో, దాచిపెట్టిందో నాకు తెలియదు. తారాదేవి పక్కనే నిలబడి ప్రతిసారీ వినేది. ఏడాదికి పైడమ్మ పోయింది.

పెద్దకర్మ నాడు ఎవరు వద్దన్నా వినకుండా తారాదేవే వడ్డించింది. పై అంతస్తు కమలాదేవి ఆకు ముందు కూర్చుని తలెత్తి చూసింది.

"మీ అమ్మ నెత్తురు వల్లేనటగా తల్లీ, నీకంత పేరొచ్చింది. చివరిదాకా ఎంత మురిసిపోయిందో."

"అవునాంటీ" అని తారాదేవి ఆమె ఆకులో ఇంకాస్త పప్పు వేసింది. నేనక్కడ ఉండలేక వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.