మేడమ్ నవ్వుతూ రాసిన ఏడాది వార్తలు

మా మేడమ్ ఎవరినీ మెచ్చుకోరు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే మిగతాది అర్థమవుతుంది. వైమానిక వైద్యంలో బతుకంతా గడిపి, పైలట్లకూ, పైలట్లను పరీక్షించే మాలాంటి డాక్టర్లకూ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక సొంతూరు కోదాడలో స్థిరపడ్డారు. నేను ఆమె శిష్యుణ్ణి. సూర్యాపేటలో చిన్న క్లినిక్ పెట్టుకుని జ్వరాలూ దగ్గులూ చూసుకుంటూ, పైలట్ కావాలని ఎప్పుడైనా ఒక పిల్లో పిల్లాడో వస్తే కళ్ళూ చెవులూ పరీక్ష చేసి పంపుతుంటాను. నా బ్యాచ్‌వాడే ఇంకొకడు మిర్యాలగూడలో ఉన్నాడు. మా ముగ్గురి ఊళ్ళూ ఒకదానికొకటి గంట, గంటన్నర దూరం. తలెత్తి చూస్తే తప్ప విమానం కనపడని ఈ మూడు ఊళ్ళకు ముగ్గురు విమానాల డాక్టర్లేమిటని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

దేశమంతా చెదిరిపోయిన మా వైమానిక వైద్యులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ప్రతి డిసెంబరులో మేడమ్ ఆ ఏడాది వార్తలన్నీ పోగేసి నాలుగు పేజీలు రాస్తారు. కొత్త సంవత్సరం రోజు అది గ్రూపులోకి వెళ్తుంది. దానికి ఆమె పెట్టిన రూల్సు ఎవరూ దాటకూడదు. మరణాలు ముందు రావాలి. తర్వాత ఉద్యోగాలు, పరిశోధనలు, ఆఖరున పెళ్ళిళ్ళు, మనవలు. పొగడ్త అనేది ఎక్కడా ఉండకూడదు. ఒకసారి నేను ఒక మిత్రుడి గురించి 'ప్రతిష్ఠాత్మకమైన పదవి' అని రాసి పంపితే ఫోన్ చేసి, "పదవి పేరు రాయి చాలు. ప్రతిష్ఠ సంగతి వాడు చూసుకుంటాడు," అన్నారు. చిత్తుప్రతి ముందుగా నాకూ మిర్యాలగూడ వాడికీ వస్తుంది, తప్పులు చూడటానికి. మేం తప్పు పట్టుకున్నది ఎప్పుడూ లేదు. మాకు తప్పులు దొరకలేదని చీవాట్లు తినడం మాత్రం ఉంది.

పోయిన ఏడాది మాకు వార్తలకు కొదవ లేదు. మాలో ఒకావిడ శిక్షణ కేంద్రానికి పెద్ద అయింది. మేడమ్ దగ్గర చదివిన కుర్రవాడొకడు అంతరిక్షానికి వెళ్ళేవాళ్ళ ఆరోగ్యం చూసే డాక్టర్ల బృందంలో చేరాడు. ఆ రోజంతా గ్రూపులో అభినందనలే, ఎవరూ పని చేసినట్టు లేరు. రాత్రి డ్యూటీ పైలట్ల నిద్ర మీద ఒకాయన ఎన్నాళ్ళ నుంచో చేస్తున్న పని అచ్చయింది. ఎండాకాలంలో మాత్రం ఒక మరణం. మా అందరితో పని చేసిన పొడుగాయన, ఎంత గంభీరమైన గదిలోనైనా జోకులు వేసే మనిషి, హైదరాబాదులో పోయాడు. మేడమ్ కోదాడ నుంచి బస్సులో వెళ్ళి చివరిచూపు చూసి వచ్చారు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది అక్కడే.

డిసెంబరు మొదలయ్యాక వార్తలు ముక్కలు ముక్కలుగా నా ఫోన్‌కు రావడం మొదలైంది. మొదటి ముక్క చదివి నేను లేచి కూర్చున్నాను. శిక్షణ కేంద్రం పెద్దయినావిడ గురించి 'మన బంగారుతల్లి' అని ఉంది. నిద్ర మీద రాసినాయన 'వజ్రం'. వరసగా నవ్వు బొమ్మలు. ఆఖరున నా గురించి: 'సూర్యాపేటలో ఉన్నవాడు నా కడుపున పుట్టని కొడుకు. వాడికి ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.'

నేను గాల్లో తేలిపోయాను. దాన్ని మా ఆవిడకు చదివి వినిపించాను. కాఫీ తాగాక మళ్ళీ వినిపించాను.

"ఇన్నేండ్లకు మంచోళ్ళయిండ్రన్నట్టు," అంది ఆవిడ. "ఫ్రేము కట్టించుకోండ్రి ఇగ."

గ్రూపులోనూ అందరూ మురిసిపోతున్నారు. పొద్దున పొద్దున్నే మేడమ్ అందరినీ పేరుపేరునా పలకరిస్తున్నారట, పాత తిట్లకు క్షమాపణలు కూడా చెబుతున్నారట. రిటైర్మెంట్ మేడమ్‌ను మెత్తబరిచిందని ఒకరు రాశారు. దానికింద చేతులు జోడించిన బొమ్మలు బారెడు పొడుగున నిలిచాయి. అందరం డాక్టర్లమే. ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఆ సాయంత్రమే మేడమ్ నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది. 'ఈ చెత్తంతా ఎవరు రాశారు? కొడుకేమిటి, కూతురేమిటి? తీసెయ్. తలనొప్పిగా ఉంది, కళ్ళజోడు మార్చాలి.' నాకు ఒళ్ళు మండింది. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కోవడం దేనికి? సరే, కొట్టేశాను. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చింది: నేను కొడుకునని, నవ్వు బొమ్మలతో సహా. సాయంత్రానికి మళ్ళీ చీవాట్లు. ముసలితనంలో మనిషి ఇలా ఆడుకుంటుందా అని రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత వచ్చిన ముక్కను రెండుసార్లు చదివాను. 'పొడుగాయన నిన్న ఫోన్ చేశాడు. అందరినీ అడిగానని చెప్పమన్నాడు. భలే నవ్వించాడు.'

వెంటనే మిర్యాలగూడకు ఫోన్ చేశాను.

"పెద్దతనం రా," అన్నాడు మావాడు. "మతి పోతాంది. నేను గూడ సూస్తనే ఉన్న, నీకు చెప్పబుద్ధి కాలె. హైదరాబాద్‌ల పెద్ద డాక్టర్‌ను అడిగి పెడ్తున్న, జనవరిల తీస్కపోదాం."

ఆ రాత్రి అన్నం సహించలేదు. అంత పదునైన బుర్ర అలా పోవడం కంటే ఆవిడ నన్ను రోజూ తిట్టడమే మేలనిపించింది. తెల్లవారి గడ్డం గీసుకుంటుంటే మాత్రం ఒక సంగతి పొసగలేదు. మతిమరుపు జబ్బు మామూలుగా పొద్దుగూకేసరికి ముదురుతుంది. మేడమ్ పొద్దున తప్పుతున్నారు, సాయంత్రానికి చక్కబడుతున్నారు. ఇది తలకిందులుగా ఉంది.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. మా శిక్షణలో ఇనుప గది ఒకటి ఉంటుంది. అందులోంచి గాలి తోడేస్తూ పోతే, నేల మీదే కూర్చున్నా ఎత్తున ఎగిరే విమానంలో ఉన్నట్టే. కుర్ర పైలట్లను కూర్చోబెట్టి, మాస్కు తీయించి, కాగితం మీద లెక్కలు చేయిస్తాం. ఆక్సిజన్ తగ్గుతున్నవాడికి బాధేమీ ఉండదు. హుషారుగా ఉంటుంది. పక్కవాణ్ణి వాటేసుకుంటాడు, తనంత తెలివైనవాడు లేడనుకుంటాడు, రెండూ రెండూ ఏడని రాసి నవ్వుతాడు. మాస్కు పెట్టుకోమంటే 'నాకేమైంది' అంటాడు. మేడమ్ ఆ గది అద్దం ముందు నిలబడి మాకు చెప్పిన మొదటి పాఠం ఒకటే. ఏడ్చేవాడి సంగతి తర్వాత, నవ్వేవాడి మీద కన్నేసి ఉంచండి.

సబ్బు నురగతోనే ఫోన్ తీశాను.

"ఏమోయ్!" అన్నారు మేడమ్, ఎన్నడూ వినని ముద్దు గొంతుతో. "పొద్దున్నే గుర్తొచ్చానా? నువ్వు ఎంత మంచివాడివోయ్."

"మేడమ్, వంద నుంచి ఏడేడు తీసేస్తూ చెప్పండి."

ఆవిడ పకపకా నవ్వారు. "నన్నే పరీక్ష చేస్తున్నావా? తొంభై మూడు. ఎనభై ఆరు. ఎనభై ఆరు... అబ్బ, ఈ వేడినీళ్ళు ఎంత హాయిగా ఉన్నాయోయ్."

"ఏం వేడినీళ్ళు?"

"మోకాళ్ళకి. కొత్తగా గ్యాస్ గీజర్ పెట్టించాలే. తలుపేసుకుని పోసుకుంటా ఉంటే..." మళ్ళీ నవ్వు. "నువ్వేం అడుగుతావో నాకు తెలుసులే. ఆక్సిజన్ రోజూ చూసుకుంటున్నా. వేలికి పెట్టుకుంటే తొంభై ఎనిమిది. నీకంటే నయం."

ఆ తర్వాత నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

మూసిన గదిలో గ్యాస్ మండితే విషవాయువు పుడుతుంది. వాసన ఉండదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. వేలికి పెట్టుకునే ఆ యంత్రానికి రెండింటికీ తేడా తెలియదు. దాన్ని కూడా ఆక్సిజనే అనుకుని తొంభై ఎనిమిది చూపిస్తుంది. ఇంకెవరైనా అయితే తల దిమ్ముగా ఉందని కిటికీ తెరుచుకుని కూర్చునేవాళ్ళు. మావాళ్ళు మాత్రమే యంత్రం పెట్టుకుని, అంకె చూసుకుని, నిశ్చింతగా మళ్ళీ అదే గదిలోకి వెళ్తారు. పోయే ముందు హాయిగా నవ్వుతారు కూడా.

మేడమ్ పైపోర్షన్‌లో ఒక్కరే ఉంటారు. కింద ఒకామె కిరాయికి దిగి కర్రీ పాయింట్ నడుపుతుంది. వెళ్ళినప్పుడల్లా గోంగూర కట్టించుకుని వస్తాను కాబట్టి ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది. దేవుడి మీద నాకు పెద్దగా గురి లేదు కానీ గోంగూర మీద ఆ రోజు నుంచి ఉంది.

"అమ్మా, ఉరుకు. పైన డాక్టరమ్మ తానం చేసేకాడ విషం గ్యాస్ ఉన్నది. తలుపు పలగ్గొట్టు, కిటికీలు తెరువు, ఆమెను బయటికి గుంజుకరా. నువ్వు మాత్రం లోపల నిలబడకు."

"అయ్యో, పొయ్యి మీద పప్పు..." అంది, అంతలోనే ఫోన్ పెట్టేసింది.

కారులో ఎలా కూర్చున్నానో గుర్తు లేదు. బనీను మీదే ఉన్నానని, సగం గడ్డానికి సబ్బు ఎండిపోయిందని మా ఆవిడ తర్వాత చెప్పింది. హైవే మీద లారీల మధ్య మునగాల దాటుతుంటే ఫోన్ మోగింది.

"సార్, మా ఆయన షటర్ కడ్డీతో గడియ పగలగొట్టిండు. బాత్‌రూం గడప మీద కూర్చోనుంది సార్, లేవమంటే కాళ్ళు లేవట్లేదు. మమ్మల్ని చూసి నవ్వుతుంది సార్. నాకు భయమేసింది. చీర కప్పి డాబా మీదికి మోసుకొచ్చినం. వాంతి చేసుకుంది. ఇప్పుడు ఆటోలో దవాఖానకు తీసుకుపోతున్నం."

"ఊపిరి?"

"ఆడుతుంది సార్."

నేను చేరేసరికి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయి మేడమ్ వేలికి అదే యంత్రం పెట్టి, అంతా బాగుందే అని తల గోక్కుంటోంది. గీజర్ సంగతి చెప్పగానే గబగబా ముఖానికి బిగుతు మాస్కు పెట్టి పూర్తి ఆక్సిజన్ తిప్పింది. తెలివైన పిల్ల, రెండో మాట అడగలేదు. ఇక చేయగలిగింది కూర్చోవడమే. ఆ విషం రక్తంలోంచి మెల్లగా దిగుతుంది. దిగాక ఆవిడ ఆవిడగా మిగులుతారో లేదో ఎవరూ చెప్పలేరు. కొందరు బతికి, మెదడు మాత్రం తిరిగి రానివాళ్ళుంటారు. నేను అది చదువుకున్నాను, అదే ఆ రోజు నా పాలిట శాపమైంది. కర్రీ పాయింటామె మాత్రం ఏమీ చదువుకోలేదు కాబట్టి ధైర్యంగా నాకు టీ తెచ్చిచ్చింది.

మధ్యాహ్నానికి మిర్యాలగూడ వాడు వచ్చాడు. నేరేడుచర్ల దగ్గర మిల్లులకు పోయే వడ్ల ట్రాక్టర్లు రోడ్డంతా ఆపేశాయట. వాటిని తిడుతూ వచ్చి, మంచం చూడగానే గోడకు ఆనుకున్నాడు.

"నేను మతి పోయిందని తేల్చేసిన రా. జనవరిల తీస్కపోదామన్న. జనవరి దాక ఉంటుండెనా?"

వాడికి కుర్చీ జరిపాను. రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నవాణ్ణి, వాడికేం చెప్తాను?

సాయంత్రం ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చిన వేళకు మేడమ్ కళ్ళు తెరిచారు. ముందు పైకప్పు చూశారు. తర్వాత మాస్కు తడుముకున్నారు. తర్వాత నన్ను, సగం గడ్డంతో సహా, కిందినుంచి పైదాకా చూశారు.

"ఆ వేషమేమిటి?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ గొంతు కోసం నేను పొద్దున్నుంచి ఎదురుచూస్తున్నాను. ప్రాణం లేచొచ్చింది.

జరిగింది చెప్పాను. గీజర్ దగ్గరే ఆవిడకు సగం అర్థమైంది. యంత్రం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకున్నారు.

"నేను చెప్పిన పాఠమే," అన్నారు. "బోర్డు మీద బొమ్మ వేసి చెప్పా. దీన్ని నమ్మొద్దని." కళ్ళు తెరిచి, "రాసుకో. ఏడాది వార్తల్లో మొదటిది ఇదే."

"మరణాలు ముందు కదా మేడమ్," అన్నాడు మిర్యాలగూడ వాడు, నోరు జారి.

"దగ్గరదాకా పోయొచ్చాగా, సరిపోద్దిలే. రాయి." నేను ఫోన్ తీశాను. ఆవిడ మాస్కు కొద్దిగా ఎత్తి, ఆగి ఆగి చెప్పారు. "మన సభ్యుల్లో ఒకరు కిటికీ లేని స్నానాల గదిలో గ్యాస్ గీజర్ పెట్టించారు. లక్షణాలు ఉన్నా వేలి యంత్రాన్ని నమ్మారు. గ్రూపులో అందరికీ లక్షణాలు కనిపించాయి. అందరూ సంతోషించారు. సభ్యులు ఈ రోజే ఇంట్లో గీజర్ చూసుకోవాలి. రాశావా?"

రాయలేదు. ఒక్క అక్షరం మీద వేలు నిలవడం లేదు. ఒకటి కొట్టబోతే ఇంకొకటి పడుతోంది. చెరిపి మళ్ళీ మొదలుపెట్టాను. అదీ పోయింది.

ఆవిడ కొంతసేపు చూశారు. తర్వాత చెయ్యి చాపి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని పక్కన పెట్టారు. నా మణికట్టు పట్టుకున్నారు. నాడి చూస్తున్నారని నాకు కాసేపటిదాకా తెలియలేదు.

"పొద్దున్నుంచీ ఊపిరి బిగబట్టుకుని ఉన్నావు నువ్వు," అన్నారు. "వార్తలు రేపు రాద్దాం. నేను ఉన్నానుగా. కూర్చో, ఊపిరి పీల్చుకో."

నేను మంచం అంచున కూర్చున్నాను. మిర్యాలగూడ వాడు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, వార్డులో అందరూ చూస్తుండగా, చిన్నపిల్లాడిలా గట్టిగా ఏడ్చాను.